పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మంచుకొండ మీద గడియారమే పెద్దదిక్కు

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి పంపిన ప్రశ్నను పోయిన సంచికలో రెండు ముక్కల్లో ప్రస్తావించి, జవాబు వచ్చే నెల ఇస్తామని చెప్పాం. ఆ కొద్దిపాటి ప్రస్తావనకే వనపర్తి, దేవరకొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, భువనగిరి పాఠకులు తమ సందేహాలను జోడించారు. బయట ఎండ మాడు పగలగొడుతున్న రోజుల్లో ఇంతమంది మంచు గురించి అడగడం ముచ్చటగానే ఉంది. పాలమూరు జిల్లాలో పుట్టి, ఉద్యోగరీత్యా కొన్నేళ్లు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండి, అక్కడి కొండల మీద స్కీలతో (మంచు మీద జారడానికి బూట్లకు బిగించుకునే పొడవాటి పలకలతో) తిరిగిన మా శీర్షిక రచయిత జవాబులు ఇవి.

ప్రశ్న: మా అబ్బాయి సియాటెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడే చలికాలంలో స్కీయింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు మే నెలాఖరులో ఒక స్నేహితుడితో కలిసి మౌంట్ బేకర్ అనే కొండను స్కీలతోనే ఎక్కి, స్కీలతోనే దిగుతానంటున్నాడు. అది అగ్నిపర్వతమట, దాని నిండా మంచేనట. భయంగా ఉందంటే "ఏం కాదమ్మా, ఎండాకాలం వచ్చేసింది" అంటాడు. నేను వద్దనాలా, సరే అనాలా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, వద్దనడానికైనా సరే అనడానికైనా ముందు మీ అబ్బాయిని ఒక్క మాట అడగండి: "ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతావు?" శిఖరం ఎప్పుడు చేరతావని కాదు, చేరినా, చేరకపోయినా ఏ గంటకు స్కీలను కిందికి తిప్పుతావని అడగండి. అతను తడుముకోకుండా ఒక గంట చెప్పి, ఆ గంటే ఎందుకో కూడా వివరిస్తే పని తెలిసినవాడే అనుకోవచ్చు. "అప్పటి పరిస్థితిని బట్టి చూసుకుంటాం" అన్నాడంటే మాత్రం ఈ ఏడాదికి ఆ కొండను ఆగమనడంలో తప్పు లేదు.

"ఎండాకాలం వచ్చేసింది" అన్న మాటలో సగం నిజం ఉంది. మౌంట్ బేకర్ వాషింగ్టన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుకు దగ్గరలో ఉంది. ఎత్తు 10,781 అడుగులు, అంటే 3,286 మీటర్లు. హిమాలయాలతో పోలిస్తే ఇది చిన్న కొండే కానీ, పసిఫిక్ సముద్రం నుంచి వచ్చే తడిగాలి నేరుగా దానికి తగిలి మంచుగా రాలుతుంది. కొండ పక్కనే ఉన్న స్కీ కేంద్రంలో 1998–99 చలికాలమంతా కలిపి 1,140 అంగుళాల మంచు, అంటే దాదాపు 29 మీటర్లు కురిసింది; ఒక సీజన్‌లో కురిసిన మంచుకు అది ప్రపంచ రికార్డు. అందుచేత మే నెలలో కింద సియాటెల్‌లో చెట్లు పూతపూసి ఉన్నా, కొండ మీద మీటర్ల కొద్దీ మంచు పేరుకొని ఉంటుంది. చలికాలపు తుఫానులు తగ్గి, మంచు కుదురుకొని, హిమానీనదాల మీది పగుళ్లు ఇంకా కప్పబడే ఉండి, పగటి పొద్దు కూడా పొడవుగా ఉండే కాలం ఇదే కనుక, స్కీలతో అగ్నిపర్వతాలు ఎక్కేవాళ్లు ఏడాదంతా ఎదురుచూసేది ఈ నెలల కోసమే. అక్కడి వరకు మీ అబ్బాయి మాట సరైనదే.

మిగతా సగం అతను చెప్పలేదు. వసంతకాలపు మంచు పగలు ఎండకు కరిగి, రాత్రి చలికి మళ్లీ గడ్డకడుతుంది. ఇలా పదే పదే జరిగితే మంచు రేణువులు ముతక గింజల్లా మారతాయి. దాన్ని అక్కడివాళ్లు కార్న్ అంటారు. తెల్లవారుజామున ఆ మంచు సిమెంటు గచ్చంత గట్టిగా ఉంటుంది, స్కీ అంచు దానిలో దిగదు, జారితే ఆగదు. ఎండ పడిన కొన్ని గంటలకు పైన ఒక అంగుళం, అంగుళంన్నర మేర మాత్రమే మెత్తబడి, కింది పొర గట్టిగానే ఉండే ఘడియ ఒకటి వస్తుంది. దిగడానికి అదే మంచి సమయం. దానంత హాయిగా ఇంకే మంచూ జారనివ్వదని నా అభిప్రాయం. ఆ ఘడియ దాటితే నీరు లోపలి పొరల్లోకి ఇంకి, గింజల మధ్య ఉన్న పట్టు సడలి, మొత్తం వాలు బరువుగా, తడిగా తయారవుతుంది. మంచుచరియలు జారేది అప్పుడే.

ఇందులో అసలు మెలిక రాత్రిది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తనలోని వేడిని పైకి వదిలేసి, గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్నా కూడా గడ్డకట్టగలదు. మబ్బు పడితే ఆ వేడి తిరిగి కిందికే వస్తుంది. మే నెలలో డాబా మీద పడుకునే మనవాళ్లందరికీ మబ్బు పట్టిన రాత్రి ఉక్క ఎలా ఉంటుందో తెలుసు, అక్కడ మంచు పడే అవస్థ కూడా అదే. కాబట్టి "రేపు ఎండ కాస్తుందట" అనేది సగం సమాచారమే. ముందు రాత్రి మబ్బు ఉందా, సున్నా డిగ్రీల గీత (గాలి వేడి సున్నాకు పడిపోయే ఎత్తు) ఎంత ఎత్తున ఉంది అన్నవే అడగవలసిన ప్రశ్నలు. మబ్బు రాత్రి, పైగా ఆ గీత శిఖరం కంటే ఎత్తున ఉందంటే కొండ ఆ రాత్రి గడ్డకట్టలేదన్నమాటే. అలాంటి రోజు ఎంత పెందలాడే బయలుదేరినా లాభం లేదు, ఇంట్లో పడుకోవడమే మేలు. ఆ ప్రాంతపు మంచుచరియల హెచ్చరికల కేంద్రం చలికాలమంతా రోజూ సూచనలు ఇస్తుంది కానీ, వసంతం ముదిరాక ఆ రోజువారీ సూచనలు ఆగిపోతాయి. మే నెలాఖరులో ఎవరి లెక్క వారే వేసుకోవాలి.

ఇప్పుడు గంటల సంగతి. దక్షిణం వైపున ఉండే ఈస్టన్ హిమానీనదం దారినే తీసుకుందాం. అక్కడ నడక మొదలయ్యే చోటు దాదాపు 3,360 అడుగుల ఎత్తున ఉంటుంది కనుక, శిఖరం దాకా ఎక్కవలసింది సుమారు 7,400 అడుగులు. బాగా అలవాటున్నవాళ్లు కూడా బరువైన సంచితో గంటకు వెయ్యి అడుగుల కంటే ఎక్కువ ఎక్కగలమని లెక్క వేసుకోకూడదు. అంటే ఆగకుండా ఎక్కినా ఏడున్నర గంటలు. పదింటికల్లా పైన ఉండాలంటే రాత్రి రెండు గంటలకే తలకు లైటు కట్టుకొని బయలుదేరాలి. మే నెలలో ఆ అడవి దారి మీద మంచు ఇంకా కరగకపోతే కారు కొన్ని మైళ్ల కిందే ఆపాల్సి వస్తుంది. ఆ నడకను లెక్కలో కలపనివాళ్లే ఎక్కువగా ఆలస్యమవుతారు. శిఖరానికి దాదాపు వెయ్యి అడుగుల కింద షెర్మన్ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం అంచు వస్తుంది, అక్కడి నుంచి రోమన్ వాల్ అనే నిటారు వాలు. అలసట, ఎత్తు, ఎండ మూడూ కలిసే చోటు అదే కనుక, "ఇంత దూరం వచ్చాం, ఇంకొంచెమే కదా" అన్న మాట కూడా అక్కడే వినిపిస్తుంది. ఆ మాట అన్న మనిషితో రెండోసారి కొండకు వెళ్లకూడదని నేను పెట్టుకున్న నియమం కొందరు మిత్రులకు నచ్చలేదు, అయినా మార్చుకోలేదు.

గడియారంతో పాటు కాళ్లు కూడా చెబుతాయి. స్కీ విప్పి బూటుతో నిలబడితే చీలమండ దాకా దిగబడుతోందంటే సమయం అయిపోయింది. వాలు మీద చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే చక్రాల్లా దొర్లుతున్నాయంటే అది చివరి హెచ్చరిక. ఎండాకాలం కదా అన్న ధీమా పనికిరాదనడానికి ఈ కొండ మీదే సాక్ష్యం ఉంది: 1939 జూలైలో మౌంట్ బేకర్ ఎక్కుతున్న కళాశాల బృందం మీద మంచుచరియ విరుచుకుపడి ఆరుగురు చనిపోయారు. అదే రాష్ట్రంలోని మౌంట్ రెయినియర్ మీద 1981 జూన్‌లో హిమానీనదపు గడ్డలు కూలి పదకొండు మంది ప్రాణాలు కోల్పోయారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది "ఒక స్నేహితుడితో" అన్న మాట. హిమానీనదం కదిలే గడ్డ; అది వంపు తిరిగే చోట పగిలి, ఇరవై, ముప్ఫై మీటర్ల లోతున్న పగుళ్లు ఏర్పడతాయి. వసంతంలో వాటి మీద మంచు కప్పు వంతెనలా నిలిచి ఉంటుంది, పైకి ఏమీ కనబడదు. స్కీ పొడవుగా ఉండి బరువును పంచుతుంది కనుక నడిచేవాడి కంటే స్కీ మీద ఉన్నవాడికి ప్రమాదం తక్కువ, కానీ లేకపోలేదు. ఇద్దరే తాడు కట్టుకొని వెళ్లినప్పుడు ఒకరు పడితే, రెండోవాడు ఆ బరువును ఆపుతూనే, మంచులో ఆధారం పాతి, దానికి భారం మార్చి, కప్పీ పద్ధతిలో తాడు లాగాలి. ఇవన్నీ ఒంటరిగా, వణుకుతున్న చేతులతో చేయాలి. ముగ్గురు, నలుగురు ఉంటే పని ఎంతో తేలిక. ఇద్దరే తప్పదంటే తాడు మధ్యలో ముడులు వేసుకొని వెళతారు. పడినప్పుడు ఆ ముడులు పగులు అంచున మంచులో ఇరుక్కొని వేగాన్ని తగ్గిస్తాయి. ఈ పని నిజంగా మంచులో సాధన చేశాడా, లేక వీడియోల్లో చూశాడా అని అడగండి. కోపం తెచ్చుకున్నా ఫరవాలేదు.

మీరు చేయగలిగింది మరొకటి ఉంది. వేసవిలో సియాటెల్‌కూ మనకూ పన్నెండున్నర గంటల తేడా. అతను రాత్రి రెండింటికి బయలుదేరితే మీకు మధ్యాహ్నం రెండున్నర. అతను మధ్యాహ్నం రెండింటికి కారు దగ్గరికి చేరితే మీకు తెల్లవారుజామున రెండున్నర. ఆ మధ్యలో ఫోన్ చాలాచోట్ల పనిచేయదు, కాబట్టి ఫోన్ ఎత్తలేదని బెంబేలుపడకండి. ఏ దారిన వెళుతున్నాడో, ఏ గంట దాటితే అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలో సియాటెల్‌లోనే ఉన్న ఒక స్నేహితుడికి రాసి ఇచ్చి వెళ్లమనండి. అక్కడ కొండల్లో గాలింపు బాధ్యత మన జిల్లా పోలీసు అధికారి లాంటి కౌంటీ షెరీఫ్‌ది, కబురు అందాల్సింది వారికే. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరాలు దొరుకుతాయి, ఇద్దరికీ కలిపి ఒకటైనా ఉండాలి. దాని నుంచి "దిగాం" అన్న ఒక్క మాట మీ ఫోన్‌కు వచ్చేట్టు పెట్టించుకోండి.

ప్రశ్న: నిప్పులు కక్కే కొండ మీద మంచు ఎలా నిలుస్తుంది? మన దక్కన్ పీఠభూమి కూడా లావాతో ఏర్పడిందని పిల్లలకు చెప్పేవాళ్లం కదా, మన దగ్గరి గుట్టలు కూడా ఒకప్పటి అగ్నిపర్వతాలేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, వనపర్తి

జవాబు: మాస్టారూ, శిలాద్రవం ఉండేది కొన్ని కిలోమీటర్ల లోతున. రాయి వేడిని చాలా నెమ్మదిగా మోస్తుంది కనుక, ఆ వేడి కొండ పైభాగానికి దాదాపుగా చేరదు. ఆవిరి బయటికి వచ్చే రంధ్రాల దగ్గర మాత్రం చేరుతుంది. మౌంట్ బేకర్ మీద అలాంటి చోటు షెర్మన్ క్రేటర్. 1975లో అక్కడ ఉన్నట్టుండి ఆవిరి ఎక్కువై, గడ్డ కరిగి, శాస్త్రవేత్తలు అప్రమత్తమై, కింద ఉన్న బేకర్ సరస్సు నీటిమట్టాన్ని ముందుజాగ్రత్తగా తగ్గించారు. పేలుడు మాత్రం జరగలేదు. ఈనాటికీ అంచున నిలబడితే కుళ్లిన కోడిగుడ్ల వాసన ముక్కు బద్దలుకొడుతుంది. స్కీలతో వెళ్లేవారికి ఆ చోటు ప్రమాదం లావా వల్ల కాదు. ఆవిరి మంచును కింద నుంచి తొలిచి డొల్ల చేస్తుంది, ఆ గుంటల్లో విషవాయువులు పేరుకుంటాయి. కనుక ఆవిరి లేచే చోట్లకు దూరంగా దారి తీయాలి.

మంచు, నిప్పు కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి కొలంబియాలోని నెవాడో డెల్ రుయిజ్ చాలు. 1985 నవంబరు 13 రాత్రి ఆ కొండ పేలింది. అగ్నిపర్వతాల లెక్కలో అది చిన్న పేలుడే. కానీ శిఖరం మీది మంచు కొంత కరిగి, బూడిదతో, రాళ్లతో కలిసి బురద వరదై లోయల వెంట పరుగెత్తి, రెండున్నర గంటల తర్వాత ఎంతో దూరంలో ఉన్న ఆర్మెరో పట్టణాన్ని పూడ్చేసింది. దాదాపు 23,000 మంది చనిపోయారు. అందుకే వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ రెయినియర్ కింది లోయల్లో ఈనాటికీ బురద వరద హెచ్చరిక సైరన్లు పెట్టి, బడిపిల్లలకు ఎత్తైన చోటికి నడిచే అభ్యాసం చేయిస్తారు.

మన గుట్టల సంగతి వేరు. దక్కన్ లావా దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. అది నిటారు కొండలుగా కాక, భూమి పగుళ్ల నుంచి పొంగి పొరలుపొరలుగా పరచుకుంది. మన వైపు ఆ నల్లరాయి వికారాబాద్ పరిసరాల్లో కనిపిస్తుంది. నల్లగొండ, దేవరకొండ, భువనగిరి గుట్టలు దానికి ఎన్నో రెట్లు పాతవి: దాదాపు 250 కోట్ల ఏళ్ల కింద భూమి లోపలే చల్లబడి, పైనున్నదంతా కొట్టుకుపోయాక బయటపడిన గ్రానైట్. వాటిని అగ్నిపర్వతాలనడానికి వీల్లేదు. దేశంలో ఇప్పటికీ రాజుకునే అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ దీవి ఒక్కటే, దాని మీద మంచు ఊసే లేదు.

ప్రశ్న: స్కీలు జారడానికే కదా? వాటితో పైకి ఎలా ఎక్కుతారు?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, రహస్యమంతా స్కీ అడుగున అతికించే పట్టీలో ఉంది. దాన్ని స్కిన్ అంటారు. పూర్వం సీల్ చేపతోలు వాడేవాళ్లు (అది చేప కాదు, కానీ మనవాళ్లు అలాగే పిలుస్తారు). ఇప్పుడు మోహేర్ అనే మేక వెంట్రుకలతోగానీ, నైలాన్‌తోగానీ చేస్తారు. వెంట్రుకలన్నీ వెనక్కి వాలి ఉంటాయి. స్కీని ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే వెంట్రుకలు మంచులో గుచ్చుకొని ఆపుతాయి. ఎక్కేటప్పుడు బూటు ముందుభాగం మాత్రమే స్కీకి బిగించి, మడమను వదిలేస్తారు. కనుక స్కీని ఎత్తి వేయనక్కర లేకుండా ఈడుస్తూ నడవవచ్చు. వాలు ఎక్కువైనప్పుడు మడమ కింద చిన్న మెట్టు లేపుకుంటారు. అయినా నిటారుగా పైకి పోరు, పాములా అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పోతారు. ప్రతి మెలిక దగ్గర ఒక స్కీని గాల్లో పూర్తిగా వెనక్కి తిప్పి పెట్టాలి, కొత్తవాళ్లు ఎక్కువగా పడేది అక్కడే.

తెల్లవారుజామున మంచు మరీ గట్టిగా ఉంటే వెంట్రుకలు పట్టు దొరక్క జారిపోతాయి. అప్పుడు బూటు కింద, స్కీకి ఇరువైపులా పళ్లు దిగేలా స్కీ క్రాంపాన్లు (లోహపు పళ్ల పట్టీలు) తగిలిస్తారు. అవీ చాలకపోతే స్కీలు సంచికి కట్టి, బూట్లకు మామూలు క్రాంపాన్లు వేసుకొని, చేత ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) పట్టుకొని ఎక్కడమే. ఈ మార్పు చేసే చోటు ముఖ్యం: వాలు నిటారు కాకముందే, నిలబడడానికి చదును ఉన్నప్పుడే చేసుకోవాలి. వాలు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి సంచి విప్పబోతే, చేయి జారిన వస్తువు ఏదైనా, ఒక్కోసారి స్కీ కూడా, హిమానీనదం అడుగుకు చేరుతుంది.

శిఖరం మీద పని ఇంకా ఉంది. స్కిన్లను ముందు కొస నుంచి లాగి ఊడదీసి, జిగురు వైపులను ఒకదానికొకటి అతికించి మడిచి, కోటు లోపల పొట్టకు ఆనేలా పెట్టుకుంటారు. జిగురు చలికి బిగుసుకుంటే మళ్లీ అతకదు, మధ్యలో తిరిగి ఎక్కాల్సి వస్తే చిక్కు. తర్వాత బూటు వెనక మీట వేసి, మడమను స్కీకి బిగించి, బూటును పట్టి ఉంచే బైండింగ్‌లో చేరిన మంచును గీకి, చిన్న చప్పుడుతో అది సరిగ్గా పడిందో లేదో విని చూసుకోవాలి. గాలి విసురుతున్నప్పుడు ఇదంతా ఐదు నిమిషాల్లో అయిపోవాలి. ఇంట్లో, ఫ్యాన్ కింద, పదిసార్లు చేసి చూసుకున్నవాళ్లకే అది కుదురుతుంది.

ప్రశ్న: మా బావమరిది అమెరికాలో మంచుకొండ ఎక్కి వచ్చిన రాత్రి కళ్లలో కారం పోసినట్టు ఉందని విలవిల్లాడాడట. చలి ప్రదేశంలో కళ్లు కాలడమేమిటి?
– పాఠకుడు, సూర్యాపేట

జవాబు: చలికీ దానికీ సంబంధం లేదు. ఎత్తు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాలు, ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 10 శాతం చొప్పున పెరుగుతాయి. పైగా కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి పైకే కొడుతుంది. కింద నుంచి వచ్చే ఆ వెలుగుకు టోపీ అడ్డు రాదు. కంటి నల్లగుడ్డు మీది పలుచని పొర కాలుతుంది, అయితే నొప్పి వెంటనే తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, రాత్రి నిద్రలో మొదలవుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. కళ్లు నలపకుండా, కాంటాక్ట్ లెన్సులు తీసేసి, చీకటి గదిలో విశ్రాంతి తీసుకొని, కంటి వైద్యుడికి చూపించాలి. తిమ్మిరి ఎక్కించే చుక్కలు సొంతంగా వేసుకోవడం మంచిది కాదు, పొర మానడం ఆలస్యమవుతుంది.

పక్కల నుంచి కూడా వెలుగు రాని, బాగా ముదురు అద్దాలు కావాలి. మబ్బు పట్టిన రోజున కూడా తీయకూడదు. సన్‌స్క్రీన్ అందరూ బుగ్గలకు పూసుకుంటారు, కానీ కాలేవి ముక్కుపుటాల లోపలి అంచులు, గడ్డం కింద, చెవుల వెనక. నోరు తెరుచుకొని రొప్పుతూ ఎక్కేవాళ్లకు అంగిలి కూడా కాలుతుంది. మన చర్మం నలుపు కదా, మనకేం కాదన్న ధీమా మనవాళ్లలో చాలామందికి ఉంటుంది, అది మంచు మీద చెల్లదు.

ప్రశ్న: శాకాహారులు ఆ చలిలో ఏం తినాలి?
– గృహిణి, నాగర్‌కర్నూల్

జవాబు: పల్లీ పట్టీలు భేషుగ్గా పనికొస్తాయి, కాకపోతే చలికి రాయిలా బిగుస్తాయి కనుక చిన్న ముక్కలు చేసి జేబులో, ఒంటి వేడి తగిలేచోట పెట్టుకోవాలి. ఖర్జూరాలు, మురుకులు, ముందురోజు చేసిన పులిహోర కూడా సరే. ఒకేచోట కూర్చొని పెద్ద భోజనం చేసే తీరిక ఉండదు, గంటకోసారి కొంచెం కొంచెం తింటూ పోవాలి. నీళ్లు రెండు మూడు లీటర్లు తప్పనిసరి. గొట్టంతో తాగే సంచుల్లో నీరు గొట్టంలోనే గడ్డకడుతుంది, సీసాయే నయం.

ప్రశ్న: నేను భువనగిరి కోట గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నాను. పూర్ణ కూడా ఇక్కడే మొదలుపెట్టిందని విన్నాను. నేను నేరుగా ఇలాంటి స్కీ మౌంటెనీరింగ్‌కు వెళ్లవచ్చా? మన దేశంలో ఎక్కడ నేర్పుతారు?
– యువకుడు, భువనగిరి

జవాబు: నిజమే, మాలావత్ పూర్ణ భువనగిరి బండ మీద శిక్షణ పొందింది. కానీ అక్కడి నుంచి నేరుగా ఎవరెస్టుకు పోలేదు. మధ్యలో డార్జిలింగ్, లద్దాఖ్ వంటి చోట్ల మంచులో శిక్షణ తీసుకున్నాకే 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, శిఖరం చేరింది. మీకు బండ మీద వచ్చిన తాడు ముడులు, బెలే (ఎక్కేవాడి తాడును పట్టి పడకుండా కాపాడడం), ఎత్తు భయం పోవడం మంచులోనూ పనికొస్తాయి. గ్రానైట్ నేర్పనిది ఒకటుంది: బండ పొద్దున ఎలా ఉందో మధ్యాహ్నమూ అలాగే ఉంటుంది, మంచు ఉండదు. వాలును చూసి, చేత్తో తవ్వి, పొరలు తడిమి, ఇవాళ వద్దనుకొని వెనక్కి వచ్చే అలవాటు విడిగా నేర్చుకోవలసిందే.

ముందు స్కీయింగ్ నేర్చుకోండి, కొండ తర్వాత. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద ఉన్న స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ చలికాలంలో కోర్సులు నడుపుతుంది. పహల్‌గామ్‌లోని జవహర్ సంస్థ, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి సంస్థ కూడా స్కీ కోర్సులు ఇస్తాయి, ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనూ నేర్పుతారు. బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సుకు మనాలీ, ఉత్తరకాశీ, డార్జిలింగ్ సంస్థల్లో ఎక్కడైనా సరే, దాదాపు నెల రోజులు పడుతుంది. సీట్లకు గిరాకీ ఎక్కువ కనుక నెలల ముందే దరఖాస్తు చేయాలి. 2026 ఫిబ్రవరిలో ఇటలీలో జరిగిన చలికాలపు ఒలింపిక్స్‌లో స్కీ మౌంటెనీరింగ్ తొలిసారి పతకాల పోటీగా చేరింది, ఇకపై శిక్షణ అవకాశాలు పెరగవచ్చు. అయితే అది గుర్తులు పెట్టిన దారిలో వేగపు పోటీ. హిమానీనదం మీద దారి వెతుక్కునే పని దానికి వేరు.

గుల్మార్గ్ వెళ్లినప్పుడు ఒక సంగతి. కేబుల్ కారు మిమ్మల్ని అఫర్వత్ శిఖరం దగ్గరికి నిమిషాల్లో చేరుస్తుంది, అక్కడి నుంచి కంచె దాటితే హద్దులేని మంచు. 2023 ఫిబ్రవరిలో ఆ వాలు మీదే మంచుచరియ పడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. బీకన్, ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార లేకుండా, వాటిని వాడటం రాకుండా ఆ కంచె దాటవద్దు. బీకన్ అనేది ఒంటికి కట్టుకునే రేడియో పరికరం. పూడుకుపోయిన మనిషి దగ్గర నుంచి 457 కిలోహెర్ట్‌జ్ సంకేతం వస్తూ ఉంటే, పైనున్నవారు తమ పరికరంతో దాన్ని వెతికి, ప్రోబ్ గుచ్చి చోటు నిర్ధారించుకొని, పారతో తవ్వుతారు. బతికే అవకాశం బాగా ఉండేది మొదటి పది, పదిహేను నిమిషాలే కనుక కిందినుంచి సహాయం వచ్చేదాకా ఆగే వీలుండదు, పక్కనున్న స్నేహితుడే తీయాలి. అందుకని పరికరం కొనేటప్పుడు మీకు ఒకటి, మీతో వచ్చేవాడికి ఒకటి కొనండి, ఇద్దరూ కలిసే కోర్సులో చేరండి. సాధనకు మంచే అక్కర లేదు. భువనగిరి గుట్ట కింద మైదానంలో ఒకరు బీకన్‌ను సంచిలో పెట్టి దాస్తే, రెండోవారు గడియారం పెట్టుకొని వెతకవచ్చు.